ఎమో అంటే 'ఏమో' కాదండీ

"ఏంటే ఆ పాటలు, ఆ అరుపులేంటి?" అని మీరు గది గుమ్మంలో నిలబడి అడుగుతారు. "ఎమో" అంటుంది అమ్మాయి, హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే. వినేది తనే, ఏం వింటోందో తనకే తెలీదా అని మీకు ఒళ్ళు మండుతుంది. కానీ ఆ పిల్ల మీకు సరిగ్గానే జవాబు చెప్పింది. ఎమో అనేది ఒక రకం సంగీతం పేరు. 'ఎమోషనల్' అనే మాటలోంచి ముక్క విరిచి పెట్టిన పేరు.

మన గ్రూపుల్లో రెండు మూడు నెలలకోసారి ఇదే ప్రశ్న వేరే వేరే రూపాల్లో వస్తూనే ఉంటుంది. నల్ల టీషర్టులు తప్ప వేసుకోవడం లేదని ఒకరు, కళ్ళ చుట్టూ కాటుక పూసేస్తున్నాడు మా వాడు అని ఇంకొకరు, జుట్టు కంట్లో పడుతున్నా కత్తిరించుకోదని మరొకరు. కింద ఒక యాభై సలహాలు. నిమ్మకాయతో దిష్టి తియ్యమని కూడా ఉంటుంది. ఆ పాటలు ఒక్కసారి విని చూశారా అని మాత్రం ఎవరూ అడగరు. అందుకని ఈ నెల వంటలూ వీసాలూ పక్కన పెట్టి, మీతో ఒక్క పాట గురించి మాట్లాడదామని కూర్చున్నాను.

ఆ పాట పేరు 'వాంపైర్స్ విల్ నెవర్ హర్ట్ యూ'. రక్తపిశాచాలు నిన్నేమీ చెయ్యలేవు అని అర్థం. పాడింది మై కెమికల్ రొమాన్స్ అనే బ్యాండు. 2002లో వచ్చింది. వాళ్ళ మొట్టమొదటి సింగిల్. సింగిల్ అంటే మీకు తెలిసిందే, ఇప్పుడు మన సినిమాలకి కూడా 'ఫస్ట్ సింగిల్' అని ఒక పాట ముందు వదులుతున్నారు కదా, అదే. ఈ రోజు మన ఇళ్ళలో ఈ బ్యాండు పాటలు వింటున్న పద్నాలుగేళ్ళ పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. ఇంకో సంగతి, ఇది లండన్ నుంచో లాస్ ఏంజెలెస్ నుంచో రాలేదు. మన న్యూజెర్సీ నుంచి వచ్చింది. ఓక్ ట్రీ రోడ్డులో కరివేపాకు కొనుక్కుని కారెక్కితే ముప్పావుగంటలో చేరిపోయే ఊళ్ళ నుంచి.

ముందు ఈ ఎమో కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1980లలో వాషింగ్టన్ డీసీలో హార్డ్‌కోర్ పంక్ అని ఒక రకం పాటలుండేవి. వేగం, కోపం, అరుపులు. 1985 ప్రాంతంలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ వంటి కొన్ని బ్యాండ్లు అదే వేగంతో, అదే అరుపుతో సర్కారు మీద కాకుండా తమ సొంత బాధల గురించి పాడటం మొదలుపెట్టాయి. దాన్ని ఎగతాళిగా 'ఎమోషనల్ హార్డ్‌కోర్' అన్నారు. ఆ బ్యాండ్ల వాళ్ళకి ఆ పేరు అస్సలు నచ్చలేదు. తమాషా ఏంటంటే, ఆ తర్వాత ఎమో అనిపించుకున్న ఏ బ్యాండుకీ ఆ పేరు నచ్చలేదు. మై కెమికల్ రొమాన్స్ గాయకుడు జెరార్డ్ వే కూడా మేం ఎమో కాదు మొర్రో అని బహిరంగంగానే మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. మనల్ని ఆంధ్రావాళ్ళయినా తెలంగాణావాళ్ళయినా ఇక్కడ అందరూ కలిపి 'సౌత్ ఇండియన్' అనేసినట్టే అనుకోండి.

1990ల చివరికి ఈ సంగీతం న్యూజెర్సీకి బాగా పట్టింది. ఎడిసన్ పక్కనే న్యూ బ్రన్స్‌విక్ ఉంది కదా, రట్గర్స్ యూనివర్సిటీ ఉన్న ఊరు. అక్కడ కాలేజీ పిల్లలు అద్దెకుండే పాత ఇళ్ళ బేస్‌మెంట్లలో కచేరీలు జరిగేవి. తక్కువ ఎత్తు కప్పు, చెమట వాసన, గుమ్మం దగ్గర నాలుగైదు డాలర్లు తీసుకునే ఒక కుర్రాడు, వాషింగ్ మెషీన్ పక్కన డ్రమ్ములు. మన వాళ్ళు బేస్‌మెంట్లో బొమ్మల కొలువు పెడతారు, బతుకమ్మ ఆడతారు, పిల్లలకి కర్ణాటక సంగీతం క్లాసులు పెట్టిస్తారు. వాళ్ళు ఇది పెట్టుకున్నారు. థర్స్‌డే అనే బ్యాండు ఆ బేస్‌మెంట్లలోంచే పైకొచ్చింది. దాని గాయకుడు జెఫ్ రిక్లీ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. మనలో కొందరు సరిగ్గా ఆ రోజుల్లోనే వై2కె పుణ్యమా అని కొత్తగా దిగి, శనివారం పూట బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్ళొస్తూ ఆ వీధుల మీదుగానే పోయి ఉంటారు. నేల కింద ఏం జరుగుతోందో పైన పోయే కార్లకి తెలియదు.

ఇక జెరార్డ్ వే. న్యూఆర్క్ పక్కన బెల్విల్ అనే ఊళ్ళో పెరిగాడు. బొమ్మలు వెయ్యడం అంటే ప్రాణం. న్యూయార్క్‌లో స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో చదివాడు. 2001 నాటికి ఇరవై నాలుగేళ్ళు, కార్టూన్ నెట్‌వర్క్‌లో చిన్న పని, ఉండేది అమ్మానాన్నల ఇంటి బేస్‌మెంట్లో. మన లెక్కలో చెప్పాలంటే ఇంకా సెటిల్ కాని అబ్బాయి. ఈ వివరాలతో మన గ్రూపులో బయోడేటా పెడితే ఎన్ని లైకులు వస్తాయో మీకే తెలుసు.

2001 సెప్టెంబర్ 11న ఆ రెండు టవర్లు కూలడం అతను కళ్ళారా చూశాడు. ఆ రోజు న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. పాత్ ట్రైనులో ఆఫీసుకెళ్ళిన మనిషి ఫోను కలవక, ఇండియా నుంచి వచ్చే కాలు కలవక, ఇంట్లో చంటిపిల్లతో టీవీ ముందు కూర్చున్న వాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో. మర్నాటి నుంచి బొట్టు పెట్టుకుని కిరాణాకొట్టుకి వెళ్ళాలంటే భయం వేసింది చాలామందికి. ఆ భయాన్ని మనం ఏం చేశాం? ఎక్కువమందిమి మింగేశాం. డ్యూటీకి పోయాం, పిల్లల్ని పెంచాం.

జెరార్డ్ దాన్ని మింగలేకపోయాడు. తను బతుకుతున్న బతుకు ఇక ఇలా కుదరదనుకున్నాడు. ఆ వారం రోజుల్లోనే పాట రాశాడు, దాని పేరు 'స్కైలైన్స్ అండ్ టర్న్‌స్టైల్స్'. మ్యాట్ పెలిస్సియెర్ అనే డ్రమ్మర్ మిత్రుణ్ణి కలిశాడు. గిటార్ వాయిస్తూ పాడటం ఒకేసారి చేతకాక రే టోరోని పిలిచాడు. డ్రమ్మర్ ఇంటి అటక మీద కూర్చుని మొదటి పాటలు రికార్డు చేసుకున్నారు. అవి విన్న తమ్ముడు మైకీ, చదువు మానేసి, బేస్ గిటార్ నేర్చుకుని మరీ అన్న బ్యాండులో చేరాడు. మైకీ పుస్తకాల షాపులో పనిచేసేవాడు. అక్కడ ఇర్విన్ వెల్ష్ అనే స్కాట్లండు రచయిత పుస్తకం అట్ట మీద 'కెమికల్ రొమాన్స్' అన్న మాట చూసి బ్యాండుకి పేరు పెట్టాడు. ఒక అన్న బొమ్మల ఉద్యోగం వదిలేశాడు, ఒక తమ్ముడు కాలేజీ వదిలేశాడు. ఆ తల్లి పరిస్థితి ఆలోచించండి ఒక్క నిమిషం.

తల్లి సంగతి సరే, ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి అమ్మమ్మ. ఆవిడ పేరు ఎలీనా లీ రష్. చిన్నప్పుడు జెరార్డ్‌కి పాడటం, బొమ్మలు వెయ్యడం, పదిమంది ముందు నిలబడి నటించడం నేర్పింది ఆవిడే. మనవళ్ళిద్దరూ బ్యాండు పెడితే, ఊరూరా తిరగడానికి వాళ్ళకి వ్యాను కొనిపెట్టింది కూడా ఆవిడే. అమ్మమ్మలు ఏ దేశంలోనైనా అమ్మమ్మలే కదా. అమ్మ దగ్గర కుదరని పని అక్కడ కుదురుతుంది.

అలా బ్యాండు పుట్టిన ఏడాది తిరక్కుండానే మొదటి ఆల్బం వచ్చేసింది. కర్నీలో ఉండే ఐబాల్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ దాన్ని 2002 జులై 23న విడుదల చేసింది. పేరు కొంచెం పొడుగు. 'ఐ బ్రాట్ యూ మై బుల్లెట్స్, యూ బ్రాట్ మీ యువర్ లవ్'. నేను నీకు తూటాలు తెచ్చాను, నువ్వు నాకు ప్రేమ తెచ్చావు అని. న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ విండ్సర్ అనే ఊళ్ళో చిన్న స్టూడియోలో రికార్డు చేశారు. ప్రొడ్యూసర్ ఎవరనుకున్నారు, ఇందాక గుర్తుపెట్టుకోమన్న జెఫ్ రిక్లీ. రికార్డింగ్ మొదలవ్వడానికి కొద్దిగా ముందే ఫ్రాంక్ ఐరో అనే ఇంకో గిటారిస్టు వచ్చి చేరాడు.

ఇప్పుడు పాటకి వద్దాం. దయచేసి ఫోను స్పీకరులో, కుక్కర్ విజిల్స్ మధ్యలో వినకండి. మీ పిల్లల హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకోండి. అయిదున్నర నిమిషాల పాట ఇది. రేడియోలో వెయ్యడానికి చాలా ఎక్కువ, మొదటి సింగిల్‌గా ఇంత పొడుగు పాట వదలడం తెలివైన వ్యాపారం కాదు. మొదట ఒక గిటారు మెల్లగా, కొంచెం దిగులుగా, అర్ధరాత్రి ఎవరో మెట్లు దిగి వస్తున్నట్టు మొదలవుతుంది. తర్వాత డ్రమ్స్ వచ్చి పడతాయి. గొంతు ముందు మామూలుగానే ఉంటుంది. ఆ తర్వాత బిగుసుకుంటుంది, గుసగుస అవుతుంది, ఒక చోట పూర్తిగా చిరిగిపోతుంది. శ్రుతి గురించి మన సంగీతం టీచరుగారు ఏమంటారో నాకు తెలుసు. పెద్ద కంపెనీ స్టూడియోలో నునుపు చేసిన గొంతు కాదు అది. బాగా పాడదామని పాడుతున్నవాడిలా ఉండడు, అది బయటికి రాకపోతే తనకి ఊపిరాడదన్నట్టు పాడతాడు. ఆ తర్వాత వాళ్ళు చేసిన పాటలు ఇంతకన్నా చక్కగా కుదిరినవి చాలా ఉన్నాయి. ఇంత పచ్చిగా ఉన్నవి తక్కువ.

సరే, అరుపుల మధ్య అతను చెప్తున్నదేంటి? రక్తపిశాచాల కథ మీకు తెలుసు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా నుంచి ఇప్పటి సినిమాల దాకా ఒకటే సూత్రం: పిశాచి కొరికితే చావరు, తామూ పిశాచులైపోతారు. గుండెలో కొయ్యమేకు దిగేస్తే తప్ప విముక్తి లేదు. పాటలో మనిషికి ఎక్కువ భయం పిశాచి తనని చంపేస్తుందని కాదు. తనూ వాళ్ళలో ఒకడైపోతాడేమోనని. అలా అయిపోతే, నన్ను అలా వదిలెయ్యకు, ఆ మేకు నువ్వే దించు అని పక్కనున్న మనిషిని బతిమాలుతున్నాడు. పైకి దయ్యాల పాట. లోపల మాత్రం, చుట్టూ ఉన్న లోకం నన్ను నెమ్మదిగా తనలా మార్చేస్తోంది, నేను మారిపోయినట్టు నాకే తెలియకపోతే ఎలా, నువ్వైనా కనిపెట్టి ఉండు అని ఒక స్నేహితుణ్ణి అడగడం. నాకు అర్థమైనంతలో ఇదీ పాట.

ఇది పద్నాలుగేళ్ళ పిల్లలకి ఎందుకు తగులుతుందో ఇప్పుడు వేరే చెప్పాలా? బళ్ళో ఒక మనిషి, ఇంట్లో ఒక మనిషి. అక్కడ ఇంటిపేరు పలకలేక నవ్వేవాళ్ళు, ఇక్కడ తెలుగు యాసకి నవ్వే పిన్నులూ బాబాయిలూ. ఎవరిలా మారిపోతున్నానో తెలియని భయం ఆ వయసులో అందరికీ ఉంటుంది, మన పిల్లలకి ఒక పాలు ఎక్కువ. దానికి మనం ట్యూషన్, ఎస్ఏటీ, కూచిపూడి అని మూడు మందులు రాసిస్తాం. పిశాచాల పాట వాళ్ళంతట వాళ్ళు వెతుక్కుంటారు. ఆ మాటకొస్తే మనం యండమూరి 'తులసిదళం' దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని చదివినవాళ్ళమే. భయం కోసమే చదివాం. పుస్తకం మూశాక మన మామూలు భయాలు కాస్త చిన్నవైనట్టుండేవి. మన అమ్మలు కూడా ఆ చెత్త ఎందుకు చదువుతావనే తిట్టారు.

ఈ సింగిల్ పెద్ద హిట్టేం కాదు. చార్టుల్లోకి ఎక్కలేదు. ఆ వ్యానులో ఊరూరా తిరిగి, ఒక్కో బేస్‌మెంటూ ఒక్కో చిన్న హాలూ పాడుకుంటూ పోతే పేరు పాకింది. 2003లో పెద్ద కంపెనీ రిప్రీజ్ రికార్డ్స్ పిలిచింది. ఆ ఏడాది నవంబరులోనే అమ్మమ్మ పోయింది. వాళ్ళు పాటలతో దూరం తిరుగుతూ ఆవిడ చివరి ఏడాది పక్కన ఉండలేకపోయారు. ఈ వాక్యం దగ్గర మనలో చాలామందికి గొంతు అడ్డం పడుతుంది. టికెట్ దొరక్క, వీసా స్టాంపింగ్ భయానికి, ప్రాజెక్టు వదలక, ఫోనులోనే ఆఖరి చూపు చూసినవాళ్ళం మనం. జెరార్డ్ తన మీద తనకున్న ఆ కోపాన్ని 'హెలెనా' అనే పాట చేశాడు. ఎలీనాకి ఒక 'హె' చేర్చాడంతే. 2004లో వచ్చిన రెండో ఆల్బంలో మొదటి పాట అది. దాంతోనే ప్రపంచమంతా వాళ్ళ పేరు తెలిసింది. మీ అమ్మాయి గదిలోంచి పదే పదే వినిపించేది అదే అయితే, అది అమ్మమ్మ కోసం రాసిన పాట అని తెలుసుకుని వినండి. వేరేలా వినిపిస్తుంది.

అన్నీ పూలబాట అని చెప్పను. ఆ రెండేళ్ళలో జెరార్డ్ తాగుడికి, మాత్రలకి బాగా లోబడిపోయాడు. 2004లో మానేశాడు. ఆ సంగతి దాచుకోకుండా అభిమానుల ముందే మాట్లాడేవాడు. ఇదీ పిల్లలకి తెలుసు, అడిగి చూడండి. వాళ్ళకి అతను దేవుడేం కాదు, పడి లేచినవాడు.

మన భయం దగ్గరికి వద్దాం, ఎందుకంటే అది ఊరికే వచ్చింది కాదు. 2007లో ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలో పదమూడేళ్ళ అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆ పిల్లకి ఈ బ్యాండు ఇష్టం. డైలీ మెయిల్ పత్రిక ఎమోని చావుని పూజించే ముఠా అన్నట్టు రాసింది. 2008 మే నెలాఖరున అభిమానులు లండన్‌లో ఆ పత్రిక ఆఫీసు బయట నిలబడి నిరసన తెలిపారు. ఈ పాటల వల్లే మేం బతికున్నాం అన్నది వాళ్ళ మాట. బ్యాండు కూడా ఆ కుటుంబానికి సానుభూతి చెప్తూ, తాము హింసకీ ఆత్మహత్యకీ వ్యతిరేకమనీ, అలాంటి ఆలోచనలు వచ్చేవాళ్ళు సాయం అడగాలనీ ప్రకటన ఇచ్చింది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు. కానీ ఆ వార్తలు చదివిన ఎన్ని ఇళ్ళలో సీడీలు చెత్తబుట్టలోకి పోయి ఉంటాయో, ఎన్ని గదుల్లో మాట అన్నది పూర్తిగా బందై ఉంటుందో ఊహించుకోవచ్చు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పరిశోధనలు ఏమంటున్నాయో కూడా చూద్దాం. 2015లో లాన్సెట్ సైకియాట్రీలో బ్రిటన్ అధ్యయనం ఒకటి వచ్చింది. ఎమోకి పెద్దక్క లాంటి గోత్ అనే బృందం ఒకటుంది, అదీ నల్లబట్టలే. పదిహేనేళ్ళ వయసులో తాము గోత్‌లమని గట్టిగా చెప్పుకున్న పిల్లల్లో, పద్దెనిమిదేళ్ళకి డిప్రెషన్ ఎక్కువగానే కనిపించింది. ఇది దాచకూడదు. కానీ గోత్ అవ్వడం వల్ల డిప్రెషన్ వచ్చిందని ఆ పరిశోధకులు అనలేదు. ముందే ఒంటరిగా, దిగులుగా ఉన్న పిల్లలు తమలాంటి వాళ్ళని వెతుక్కుంటూ అటు చేరి ఉండొచ్చు అన్నారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు హెవీ మెటల్ వంటివి వినే 39 మందికి కోపం తెప్పించి, ఆ తర్వాత వాళ్ళ పాటలు వాళ్ళని విననిచ్చారు. కోపం పెరగలేదు, మనసు కుదుటపడింది. 39 మంది అంటే చిన్న లెక్కే, అదే వేదం అనను. నల్లచొక్కా జబ్బు కాదు, కానీ లోపల ఏదో ఉందని చెప్పే చీటీ కావచ్చు. కాకపోవచ్చు కూడా. అడిగితేనే తెలుస్తుంది.

మనకి దుఃఖం పాటలు కొత్తా? 1953లో 'దేవదాసు' చూసి తెలుగునేలంతా ఏడ్చింది. ఘంటసాల గొంతులో ఆ తాగుబోతు బాధని మన తాతలు పండగ పూట కూడా పాడుకున్నారు. భావకవిత్వం రోజుల్లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని చూసి కుర్రాళ్ళు గిరజాల జుట్టు పెంచి, విరహంతో నిట్టూర్పులు విడుస్తుంటే, పెద్దవాళ్ళు వీళ్ళకేం రోగమని వెక్కిరించారు. జుట్టు, కన్నీళ్ళు, పెద్దవాళ్ళ వెక్కిరింత. మూడూ సరిపోయాయి. కాటుక ఒక్కటే తక్కువ.

మరి దేనికి భయపడాలి? పాటలకి కాదు. ఇష్టమైన పాటలు కూడా వినడం మానేస్తే గమనించండి. నిద్ర తలకిందులైతే, తిండి మానేస్తే, నిన్నటిదాకా ప్రాణంగా చూసుకున్న వస్తువులు ఎవరికో ఇచ్చేస్తుంటే, ఎండాకాలంలో కూడా పొడుగుచేతుల చొక్కా విప్పకపోతే, నేను లేకపోతే మీకు హాయి అన్నట్టు మాట్లాడితే, వెంటనే పట్టించుకోవాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళు భయపడతారు. అలా జరగదని డాక్టర్లు గట్టిగానే చెప్తున్నారు. అమెరికాలో 988కి ఫోన్ చెయ్యొచ్చు, మెసేజీ పెట్టొచ్చు, పిల్లలకైతే మెసేజీయే తేలిక. యూకేలో సమారిటన్స్ 116 123. ఇండియాలో ఉన్న మన అక్కచెల్లెళ్ళ పిల్లలకి టెలీమానస్ 14416, అందులో తెలుగులో మాట్లాడతారు. మిగతా దేశాల్లో ఉన్నవాళ్ళు బడి కౌన్సెలర్‌నో కుటుంబ డాక్టర్‌నో ముందు అడగండి. మన ఇళ్ళలో ఇలాంటివి ఉండవమ్మా అనే మాట మాత్రం అనకండి. ఆ మాట విన్న పిల్ల ఇంకెవరికీ చెప్పదు.

ఇక వినే పద్ధతి. "నీ పాట వింటాను, ఒకటి నువ్వే పెట్టు" అనండి. పెట్టాక చివరిదాకా నోరు మూసుకుని వినాలి, ఇది నాకైతే అన్నిటికన్నా కష్టమనిపిస్తుంది. మధ్యలో మన ఎస్పీబీగారిని తేవొద్దు. అయిపోయాక "అర్థమైంది" అని కూడా అనొద్దు, అబద్ధమని వాళ్ళకి తెలిసిపోతుంది. "నీకు ఇందులో ఏ చోటు బాగా ఇష్టం?" అని అడగండి. ఆ చోటు ఎక్కడో చెప్పారంటే, బళ్ళో కౌన్సెలరుకి కూడా చెప్పని మాట ఒకటి మీకు చెప్పినట్టే. అమ్మమ్మ ఆరునెలల వీసా మీద వచ్చి ఉంటే ఆవిణ్ణీ కూర్చోబెట్టండి. ఎలీనా గారి వ్యాను కథ ఆవిడకి చెప్పండి. మనవరాలి పక్షం మారిపోతుంది వెంటనే.

ఆ కుర్రాళ్ళు ఏమయ్యారని అడిగేవాళ్ళ కోసం: 2006లో వచ్చిన 'వెల్‌కమ్ టు ది బ్లాక్ పరేడ్' పాట యూకేలో మొదటి స్థానానికి చేరింది. 2013లో బ్యాండు విడిపోయింది, 2019 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో మళ్ళీ కలిసి పాడారు. బొమ్మల పిచ్చి ఉన్న జెరార్డ్ బొమ్మలు వదల్లేదు. నెట్‌ఫ్లిక్స్‌లో మీ పిల్లలతో మీరూ చూసి ఉంటారు, 'ది అంబ్రెల్లా అకాడమీ', దాని అసలు కామిక్ పుస్తకం రాసింది అతనే. 2025 ఆగస్టు 9న మెట్‌లైఫ్ స్టేడియంలో కచేరీ చేశారు. బెల్విల్ నుంచి పది మైళ్ళు కూడా ఉండదు ఆ స్టేడియం. బేస్‌మెంట్లోంచి అక్కడికి రావడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది.

అన్నట్టు మర్చిపోయాను, ఆ మొదటి సీడీ మీద కాపీరైటు హెచ్చరిక ఉండే చోట ఒక మాట రాశారు. అనుమతి లేకుండా కాపీ కొడితే జెరార్డ్ మీ ఇంటికొచ్చి మీ రక్తం తాగేస్తాడని. మన పత్రికకి ఆ షరతేం లేదు, నిర్భయంగా ఫార్వర్డ్ చేసుకోండి.